నీరు గీసిన గీత

కొల్లేరు చుట్టుపక్కల లంక గ్రామాల్లో భూగోళం పాఠం ఎప్పుడో మరిచిపోయినవాళ్ల నోట కూడా ‘కాంటూరు’ అన్న మాట అలవోకగా వస్తుంది. ఐదో కాంటూరు లోపలి భూమి, మూడో కాంటూరుకు కుదించాలి, మా చెరువు కాంటూరు బయటే ఉంది – ఇవి అక్కడ పొలం గట్టు మీద, టీ కొట్టు దగ్గర నడిచే మాటలు. గోదావరి ఎగువన పోలవరం ముంపు మండలాల్లో ఇదే మాట వేరే అంకెలతో వినిపిస్తుంది: 41.15 కాంటూరు, 45.72 కాంటూరు. బడి పుస్తకంలో దీని పేరు సమోన్నత రేఖ. అక్కడ బొమ్మ కూడా వేరు. బోర్లించిన గరాటు లాంటి ఒక కొండ, దాన్ని అడ్డంగా కోసినట్టు ఒకదాని లోపల ఒకటిగా చక్రాలు, పక్కన 100, 200, 300 అని అంకెలు. ఆ బొమ్మ తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ బొమ్మతో మొదలుపెట్టిన పిల్లవాడు ఈ గీతను కొండకు సంబంధించిన వస్తువుగా అనుకుంటాడు, కొండలు లేని ఊళ్లో దానితో పనేముందని పుస్తకం మూసేస్తాడు. గీత చరిత్ర చూస్తే సంగతి తిరగబడుతుంది. అది నీళ్లలో పుట్టింది, చాలాకాలం నీళ్లలోనే పెరిగింది, ఆ తర్వాతే కొండెక్కింది. లంక గ్రామాల వాళ్లు దాన్ని వాడుతున్న తీరే దాని అసలు పుట్టుకకు దగ్గరగా ఉందని నా వాదన.

పాత పటాల్లో కొండలు ఎలా ఉండేవో గుర్తు చేసుకుంటే ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. శతాబ్దాల తరబడి పటం గీసేవాళ్లు కొండ ఉన్నచోట చీమల పుట్ట లాంటి చిన్న గుట్ట బొమ్మ వేసి, ఒక పక్క నీడ దిద్ది ఊరుకున్నారు. అది చాలనుకోవడానికి కారణం ఉంది. కొండ కంటికి కనిపిస్తుంది, ఎక్కబోయేవాడికి అది ఎంత నిటారుగా ఉందో ఎదుట నిలబడితే తెలిసిపోతుంది. నీటి అడుగు అలా కాదు. పడవవాడికి తన కింద ఏముందో కనిపించదు. తాడుకు సీసపు గుండు కట్టి వదిలి, ఎన్ని బారలు దిగిందో లెక్కపెట్టి, ఆ అంకెను కాగితం మీద వేసుకోవడం తప్ప వేరే దారి లేదు. అలా వందల అంకెలు పోగుపడ్డాక, ఒకే లోతున్న అంకెలను ఒక గీతతో కలపాలన్న ఆలోచన రావడం సహజం. 1584లో పీటర్ బ్రౌన్స్ అనే డచ్చి సర్వేయరు హార్లెం నగరం మీదుగా పారే స్పార్న్ నది పటంలో ఏడు అడుగుల లోతును ఒక గీతగా చూపించాడు. మనకు తెలిసినంతలో ఇలాంటి గీతల్లో చాలా పాతది అదే. 1730 నాటికి మరో డచ్చి ఇంజనీరు నికొలాస్ క్రూకియస్ మెర్వేడ్ నది అడుగు మొత్తాన్ని వరుస గీతలతో పటంలోకి ఎక్కించాడు. అంతకు కొద్దికాలం ముందు, 1725లో, ఇటలీకి చెందిన మార్సిలి ఫ్రాన్స్ దక్షిణాన లియాన్ సింధుశాఖ లోతులను ప్రచురించాడు. ఆ శతాబ్దం మధ్యలో ఫిలిప్ బువాష్ ఇంగ్లిష్ చానల్ అడుగును పది పది బారల అంతరంతో చూపించాడు. వీళ్లెవరూ కొండల మనుషులు కారు. నేల సముద్రం కంటే పల్లంగా ఉండే దేశంలో, ఏటా నదితో పోరాడే ఇంజనీర్ల అవసరం నుంచి ఈ గీత వచ్చింది.

కంటికి కనిపించకపోవడం ఒక్కటే కారణం కాదు. నీళ్లలో కొలిచేవాడికి నేల మీద కొలిచేవాడికి లేని ఒక సౌకర్యం ఉంది: ఎక్కడి నుంచి కొలవాలన్న ప్రశ్నకు సమాధానం ముందే సిద్ధంగా ఉంటుంది. నిలకడగా ఉన్న నీటి పైభాగం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా ఒకే మట్టంలో ఉంటుంది; పోటుపాట్లను సవరించుకుంటే సముద్రమూ అంతే. దాని నుంచి కిందికి కొలుచుకుంటూ పోతే చాలు. నేల మీద రెండు గుట్టలు సమాన ఎత్తులో ఉన్నాయని చెప్పాలంటే మాత్రం, ఆ రెండింటి మధ్య అడుగడుగునా లెవెల్ తీసుకుంటూ, ఆ తేడాలన్నీ కూడుకుంటూ నడవాలి. ఆ కష్టం తప్పించుకోవడానికి నేల మీద కూడా నీళ్లున్నాయని ఊహించుకోవడమే ఉపాయం. మార్సెలిన్ డ్యుకార్లా సరిగ్గా ఆ పనే చేశాడు. 1771లో పారిస్ అకాడమీకి సమర్పించిన ప్రతిపాదనలో ఆయన, సముద్రం మెట్టు మెట్టుగా నేల మీదికి ఎక్కి వస్తోందని, ఒక్కో మెట్టు దగ్గర కాసేపు ఆగి ఒడ్డు గీత వదులుతోందని ఊహించుకోమన్నాడు. ఆ ఒడ్డు గీతలే సమోన్నత రేఖలు. దుపెయిన్ త్రియెల్ 1782లో ఆ ప్రతిపాదనను అచ్చు వేయించి, 1791లో ఆ పద్ధతిలో ఫ్రాన్స్ దేశపటాన్ని కూడా వెలువరించాడు. అప్పటికి కొలిచిన ఎత్తులు బహు తక్కువ కాబట్టి ఆ పటం మొరటుగానే ఉంది. అయినా నేలను ఎలా చూడాలన్న ప్రశ్నకు అందులో జవాబు దొరికేసింది.

డ్యుకార్లా ఊహను తెలుగువాళ్లు ఊహించుకోనక్కర్లేదు. ఎండాకాలం ఏ ఊరి చెరువు దగ్గరికి వెళ్లినా అది తిరగేసి కనిపిస్తుంది. ఫాల్గుణం నుంచి నీరు వెనక్కి తగ్గుతూ, ఆగిన ప్రతిచోటా ఎండిన నాచు, గుల్లలు, తెల్లబారిన గడ్డితో ఒక అంచు వదులుతుంది. కట్ట రాళ్ల మీద చూస్తే ఈ అంచులు బెత్తెడు సందు లేకుండా ఒకదానిమీద ఒకటి పేరుకున్నట్టుంటాయి. ఎదుటి శిఖం భూమిలో అవే అంచులు పాతిక గజాలకొకటి పరుచుకుంటాయి. కట్ట నిటారు, శిఖం వాలు తక్కువ. అందుకే అక్కడ ఇరుకు, ఇక్కడ ఎడం. సర్వే శాఖ పటమైన టోపోషీటులో గోధుమరంగు గీతలు దగ్గరపడితే నిటారు, దూరమైతే చదును అన్న సూత్రం ఇంతకంటే వేరేమీ కాదు. వాగు వచ్చి చెరువులో కలిసేచోట నీటి అంచు నాలుకలా వాగులోకి, ఎగువ దిక్కుకు పొడుచుకుపోతుంది. గట్టు ముక్కులా ముందుకు వచ్చిన చోట అదే అంచు దాన్ని చుట్టుకుని చెరువులోకి వస్తుంది. పటం చదవడం నేర్చుకునేవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. గీత మొన తేలింది లోయలోనా, కొండ ముక్కు మీదా అన్నది వాళ్లకు పట్టుబడదు. కొండ బొమ్మతో నేర్చుకున్నవాడు ప్రతిసారీ అంకెలు వెతుక్కోవాలి. అక్కడ నీళ్లు నిలిస్తే ఎటు పాకుతాయో ఒక్కసారి ఊహించుకున్నవాడికి మళ్లీ సందేహం రాదు.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. చరిత్ర తెలిసినవాళ్లు వెంటనే స్కాట్లండ్‌లోని షిహాలియన్ కొండ పేరు చెబుతారు. 1774లో ఖగోళశాస్త్రజ్ఞుడు నెవిల్ మాస్కెలిన్ ఆ కొండకు అటూ ఇటూ గుండు దారం వేలాడదీసి, కొండ ఆకర్షణకు అది ఎంత పక్కకు ఒరుగుతుందో కొలిచాడు. దాన్నుంచి భూమి సాంద్రత లెక్కగట్టాలంటే కొండ బరువు తెలియాలి, అందుకు ఘనపరిమాణం కావాలి. కొండ మీద వందలాది చోట్ల తీసిన ఎత్తులను చూసి బెంబేలెత్తకుండా, గణితవేత్త చార్లెస్ హట్టన్ ఒకే ఎత్తున్న బిందువులను సన్నటి పెన్సిలు గీతతో కలిపాడు. కొండ మొత్తం పొరలు పొరలుగా విడిపోయి లెక్క సులువైంది. 1778లో ఆయన తేల్చిన జవాబు, భూమి సాంద్రత నీటికి నాలుగున్నర రెట్లు. ఇప్పుడు మనకు తెలిసిన అంకె ఐదున్నర. అయితే గీత కొండ మీద కూడా విడిగా పుట్టిందిగా అని అడగవచ్చు. పుట్టింది, కాదనను. కానీ హట్టన్‌కు ఆ గీత లెక్కకు సాయమే గానీ నేలను చూపించే పటం కాదు. అంతకంటే ముఖ్యమైనది, ఆ ఎత్తులను కొలిచిన పరికరం. ఆ పరికరాన్ని నిలబెట్టిందే గాజుగొట్టంలోని ద్రవం, అందులో తేలే బుడగ. మన తాపీమేస్త్రీలు రసమట్టం అని పిలిచే వస్తువులో ఉన్నదీ అదే. గుండు దారం కొండవైపు ఒరిగిందంటే, ఆ పక్కన నిలిచిన నీటి మట్టం కూడా అంతే మేర కొండవైపు ఎత్తవుతుందని అర్థం. అంటే షిహాలియన్ మీద కొలిచిన ‘సమాన ఎత్తు’ కూడా చివరికి నిలకడ నీటి మాటే. తెలుగు ఈ సంగతిని ముందే ఒప్పుకుంది. నీటిమట్టం, సముద్రమట్టం, రసమట్టం, గోడ మట్టంగా ఉందా అని అడగడం – అన్నిటికీ మనకు ఒకటే మాట.

ఈ నేల మీద చెరువులు కట్టినవాళ్లకు ఆ గీత ఎంతవరకు తెలుసు? పోరుమామిళ్ల శాసనం దీనికి మంచి సాక్ష్యం. కడప సీమలో, 1369లో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర వేయించిన ఆ సంస్కృత శాసనం, మంచి చెరువుకు పన్నెండు సాధనాలను, చెడ్డ చెరువుకు ఆరు దోషాలను లెక్కపెడుతుంది. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసిన సంగతీ చెబుతుంది. సాధనాల్లో కట్టకు రెండు పక్కలా కొండ ఉండాలని, కట్ట మరీ పొడవు కాకూడదని, లోపలి నేల విశాలంగా, లోతుగా ఉండాలని ఉంది. ఈ షరతులన్నీ ఒకే మట్టంలో సాగే ఒక అంచు గురించినవి. రెండు కొండలు దగ్గరగా వచ్చేచోట కట్ట వేస్తే, ఆ మట్టం గీత వెనక్కి విప్పారి పెద్ద విస్తీర్ణాన్ని చుట్టుకుంటుంది. దోషాల్లో ఒకటి మరీ ఆసక్తికరం. చెరువు నడుమ నేల ఉబ్బి ఉండటాన్ని శాసనం కూర్మం అంటుంది. నీళ్లు నిండితే తాబేలు వీపులా బయటపడే దిబ్బ అన్నమాట. పటం భాషలో అది పెద్ద గీత లోపల విడిగా మూసుకున్న చిన్న గీత. ఆ మేరకు నీటి నిల్వ తగ్గుతుంది, కట్టకు పెట్టిన శ్రమ వృథా అవుతుంది. చెరువు నిండకముందే, నేల పొడిగా ఉండగానే, ఆ తాబేలును గుర్తుపట్టాలని శాసనం కోరుతోంది. లేని నీటిని ఊహించి నేలను చూడటం అంటే అదే.

ఇలా అంటే, పాశ్చాత్యులు కనిపెట్టిందంతా మన పూర్వులకు ముందే తెలుసని చెప్పే ధోరణిలోకి జారుతున్నానన్న అనుమానం రావచ్చు. ఆ మాట నేను అనడం లేదు. చెరువు కట్టినవాడికి ఒక చెరువుకు ఒక్క గీతే కావాలి: అలుగు పారే మట్టం. దాని పైది, కిందిది ఎక్కడ పోతాయో ఆయనకు అక్కర్లేదు. అలుగు ఎత్తును రాతిలో కట్టేశాక ఆ గీతను వానాకాలంలో నీరే గీసి చూపిస్తుంది, కాగితం అక్కర్లేదు. గొలుసుకట్టు చెరువుల్లో ఎగువ చెరువు అలుగు నీళ్లు దిగువ చెరువుకు చేరేలా మట్టాలు కుదిరాయంటే, వరుసగా పదీ పదిహేను గీతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని అర్థం. కానీ ఆ ముడి నీరటికాళ్ల తలల్లో, తూముల ఎత్తుల్లో ఉంది గానీ, ఊరు చూడనివాడు చదవగలిగే రూపంలో ఎక్కడా లేదు. పటం తెచ్చిన మార్పు అదే. నీరు ఎన్నడూ తాకని ఎత్తుల్లో కూడా గీత గీసి, ఎక్కడో కచేరీలో కూర్చున్నవాడి చేతికి దాన్ని అందించింది. దానివల్ల మేలూ జరిగింది, కీడూ జరిగింది. ఎందుకంటే ఊరు చూడనివాడు కూడా ఊరి గురించి నిర్ణయం తీసుకోగలిగాడు.

అయితే ఆ పటం ఇక్కడికి ఆలస్యంగా వచ్చింది. కొండల ఎత్తులు తెలియక కాదు. 1856 నాటికే హిమాలయాల్లో పదిహేనో నంబరు శిఖరం ఎత్తు 29,002 అడుగులని సర్వే శాఖ ప్రకటించింది. ఐనా ఆ రోజుల పటాల్లో కొండలను ఎక్కువగా వాలు దిశలో గీసిన పొట్టి సన్న గీతలతోనే చూపించేవారు. జర్మనీకి చెందిన లేమన్ 1799లో దానికి ఒక పద్ధతి కూడా ఏర్పరిచాడు. వాలు పెరిగినకొద్దీ గీతలు ముదురుతాయి. చూడటానికి అందంగా ఉండే పద్ధతి అది. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయని అడిగితే మాత్రం అది నోరు తెరవదు. కాలువ తవ్వేవాడికి అది ఎందుకూ కొరగాదు. కొండవాలు వెంట సాగే కాలువ అంటేనే రవ్వంత వాలిన సమోన్నత రేఖ. దాని ఆయకట్టు ఒక పక్కే ఉండేది అందుకే. 1905లో సర్వే కమిటీ సూచనలు వచ్చాకే రంగుల్లో, కాంటూర్లతో అచ్చయిన కొత్త షీట్లు మన దేశంలో క్రమపద్ధతిగా వెలువడటం మొదలైంది. వాటి ఎత్తులన్నిటికీ ఒకే సున్నా కావాలి కాబట్టి, తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి రాసిన పోటుపాట్ల సగటును ఆధారం చేసుకుని 1909లో దేశం మొత్తానికి లెవెల్ లెక్కలు ఖాయం చేశారు. ఆ తొమ్మిదిలో విశాఖపట్నం ఒకటి. కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, ఫాల్స్ పాయింట్ మిగతావి. ఎక్కడో ఆదిలాబాదు గుట్ట మీది 400 మీటర్ల గీత కూడా ఆ రేవుల్లో లేచి పడిన నీటినే సున్నాగా పెట్టుకుంది.

ఇప్పుడు మళ్లీ కొల్లేరుకు వద్దాం. 50 వేల స్కేలు టోపోషీటులో గీతకు గీతకు మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. కోనసీమ షీటు తీసి చూస్తే నేల మీద ఒక్క సమోన్నత రేఖ కూడా కనిపించదు, ఎందుకంటే ఆ నేల మొత్తం మొదటి గీత కంటే కిందే ఉంది. కొల్లేరూ అంతే. కాబట్టి డెల్టాకు ఈ గీత పనికిరాదని వాదించేవాళ్లున్నారు. నిజానికి పనికిరానిది 20 మీటర్ల అంతరం, గీత కాదు. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దుగా పెట్టుకున్నది సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున సాగే గీత. దాని లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. మూడడుగుల గీతకు దిగితే 135 మాత్రమే. పదడుగుల గీతదాకా వెళితే 901. రెండడుగులంటే మోకాలు దాటే ఎత్తు. అంతలో 173 చదరపు కిలోమీటర్ల తేడా. అంగుళానికి లెక్కేస్తే సగటున ఏడు చదరపు కిలోమీటర్లు, 1,700 ఎకరాల పైమాటే. సర్వేయరు పట్టుకున్న లెవెల్ కర్ర అంగుళం మట్టిలో దిగబడితే ఒక ఊరి పొలాలన్నీ అటు నుంచి ఇటు అవుతాయి. 2006లో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున కొట్టేసినప్పుడూ, హద్దును మూడో కాంటూరుకు దించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసినప్పుడూ జరిగిన పోరాటం ఈ రెండడుగుల గురించే.

హద్దు దించాలనేవాళ్ల వాదనలో బలముంది. లోపల జిరాయితీ భూములున్నాయి, వాటికి పట్టాలున్నాయి, తరతరాల సాగు ఉంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన ఒండ్రుతో అడుగు మెరకవుతోంది కాబట్టి పాత గీత ఇప్పుడు నిజం కాదని కూడా అంటారు. మొదటిది న్యాయమైన మాట, దానికి జవాబు పరిహారం. భూమి పోయినవాడి బాధకు గీత ఎత్తు మార్చడం మందు కాదు. రెండోదాన్ని మాత్రం ఒప్పుకోలేం. మట్టి పోసి గట్లు లేపినకొద్దీ గీత లోపలికి జరుగుతుందంటే, పూడ్చినవాడికి పూడ్చినంత దక్కుతుంది. వానాకాలంలో రెండు డెల్టాల మధ్య పల్లంలోకి చేరే నీరు ఆ గట్టు చూసి వెనక్కి పోదు, పక్క ఊరి మీదికి ఎక్కుతుంది. ఉప్పుటేరు ఒక్కటే దారిగా ఆ నీరంతా సముద్రానికి పోవాలి, అది నింపాదిగా పారే ఏరు. గీతను నేల ఆస్తిగా చూసేవాడికి ఐదు ఎక్కువనిపిస్తుంది. నీటి అంచుగా చూసేవాడికి పదడుగుల గీత లోపలి 901 చదరపు కిలోమీటర్లు గుర్తుండి, ఐదే చాలా తగ్గించుకున్న హద్దని తెలుస్తుంది.

నా వాదనకు ఒక హద్దుంది, దాన్ని పోలవరం చూపిస్తుంది. పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు, అంటే సరిగ్గా 150 అడుగులు. పునరావాసం మొదటి దశకు పెట్టుకున్నది 41.15. ఈ అంకెలతో గీసిన గీతలు నిలిచిన నీటికి సరిపోతాయి. వరద గోదావరి నిలిచిన నీరు కాదు. పారే నీటి పైభాగం ఎగువకు పోయినకొద్దీ ఎత్తవుతుంది, కింద ఆనకట్ట అడ్డం పడితే ఇంకా ఎత్తవుతుంది. కాబట్టి అసలు ముంపు అంచు ఒక కాంటూరు వెంట సాగదు. ఎగువకు వెళ్లేకొద్దీ ఒక్కో కాంటూరునూ దాటి పైకి పోతుంది. 2022 జులై వరదల్లో, 41.15 జాబితాలో లేని ఊళ్లకూ నీళ్లొచ్చాయని నిర్వాసితులు మొరపెట్టుకున్నది ఇందుకే. కూనవరం దగ్గర గోదావరి పొంగితే శబరి నీళ్లు ముందుకు పోలేక వెనక్కి తన్ని ఊళ్లలోకి వస్తాయి. దాన్ని అక్కడివాళ్లు ఎగపోటు అంటారు. ఎగపోటును చూపించే గీతను ఆ ఊళ్ల పటం మీద విడిగా, ఏటవాలుగా గియ్యాలి. జాబితాలో ఊరి పేరు పక్కన కాంటూరు అంకెతో పాటు ఎగపోటు మట్టం అంకె కూడా ఉండాలి.